బోర్డు లేని రోడ్డుకు స్పీడ్ లిమిట్ ఎలా రాయాలి?

కూడలి దగ్గర కుడివైపు తిరిగారు. ఇప్పటిదాకా వచ్చిన రోడ్డు మీద ఎర్ర అంచు గుండ్రం బోర్డు, అందులో 70. ఈ రోడ్డు మీద మాత్రం ఏమీ కనబడలేదు. ఓ రెండు వందల అడుగులు నడిచి చూశారు. ఎదురు నుంచి వచ్చేవాళ్ల కోసం ఏమైనా పెట్టారేమోనని వెనక్కి తిరిగి కూడా చూశారు. స్తంభాలున్నాయి, వాటికి దీపాలున్నాయి, ఒకదానికి సగం చిరిగిన పోస్టరు ఉంది. స్పీడ్ బోర్డు లేదు. చేతిలో ఫోను, ఫోనులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా దిద్దగల మ్యాపుకి వివరాలు చేర్చే యాప్, అందులో ఒకటే ప్రశ్న: ఈ రోడ్డు మీద గరిష్ఠ వేగం ఎంత?

చాలామంది ఇక్కడ ప్రశ్నను దాటేసి ముందుకు పోతారు. కొందరు పక్క రోడ్డు చూసి 70 కొట్టేస్తారు. చట్టం చదివినవాళ్లు అక్కడి లిమిట్ ఇదీ అని ఓ అంకె రాస్తారు. ఆ అంకె సరైనదే కావచ్చు. అయినా ఈ ముగ్గురూ తర్వాత వచ్చేవాళ్లకు ఏదో ఒక చిక్కు మిగిల్చే వెళ్తున్నారు. ఆ చిక్కు ఏమిటో తెలియాలంటే ముందు చట్టం ఏం చేస్తుందో చూడాలి.

బోర్డు లేదంటే లిమిట్ లేదని కాదు. "బోర్డు ఏమీ చెప్పకపోతే ఇంత" అని చాలా దేశాల చట్టాలు ముందే ఒక అంకె పెట్టి ఉంచుతాయి. జర్మనీలో ఊరి లోపల గంటకు 50 కిలోమీటర్లు, ఊరు దాటాక మామూలు రోడ్ల మీద కార్లకు 100. ఆటోబాన్ అనే ఎక్స్‌ప్రెస్ హైవే మీద బోర్డు లేకపోతే కార్లకు లిమిట్ అంటూ లేదు, 130 అనేది సలహా మాత్రమే. బ్రిటన్‌లో లెక్క మైళ్లలో. డివైడర్ లేని రోడ్డు మీద కార్లకు 60, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద 70. ఇంగ్లండ్‌లో వీధి దీపాలు 200 గజాలకు మించని ఎడంతో వరసగా ఉంటే, వేరే బోర్డు లేనంతవరకూ 30. దీపాలున్న ఆ 30 రోడ్ల మీద మధ్యమధ్యలో గుర్తుచేసే చిన్న 30 బోర్డులు పెట్టకూడదని కూడా అక్కడ నిబంధన ఉంది. అంటే అక్కడ దీపస్తంభమే బోర్డు. మన మ్యాపర్ చూసి వదిలేసిన ఆ స్తంభాల్లోనే జవాబు ఉందన్నమాట.

అంకె లేని బోర్డులు కూడా ఉంటాయి. జర్మనీలో ఊరి మొదట్లో పసుపు పలక మీద ఊరి పేరు ఉంటుంది, అంతే. 50 అని ఎక్కడా రాసి ఉండదు, కానీ ఆ పలక దాటిన క్షణం నుంచి 50. అదే పలక వెనకవైపు ఊరి పేరు మీద ఎర్ర అడ్డగీత కనిపిస్తుంది. అక్కడ 50 అయిపోయినట్టు. ఫ్రాన్స్‌లోనూ ఇదే పద్ధతి, పలక రంగు వేరు. ఇక బ్రిటన్‌లో తెల్లటి గుండ్రం మీద ఏటవాలుగా ఒక నల్ల గీత ఉంటుంది, దానర్థం "ఇక జాతీయ లిమిట్". అది 60 అవుతుందా 70 అవుతుందా అన్నది డివైడర్‌ని బట్టి మీరే తేల్చుకోవాలి. జర్మనీలో దాదాపు అలాంటి బోర్డే "ఇప్పటిదాకా పెట్టిన ఆంక్షలన్నీ ముగిశాయి" అని మాత్రమే చెబుతుంది. ఫొటోలో పోల్చుకోలేక ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే అయిపోయిందే.

మొదట చెప్పిన ఆ కూడలి సంగతి. ఫ్రాన్స్‌లో స్పీడ్ బోర్డు చెల్లుబాటు తర్వాతి కూడలి దాకానే. కూడలి దాటాక మళ్లీ బోర్డు పెట్టకపోతే పాత అంకె పోయి, చట్టంలోని మామూలు లిమిట్ తిరిగొస్తుంది. అంటే తిన్నగా వెళ్తున్న ఒకే రోడ్డు మీద, రంగు మారకుండా, వెడల్పు మారకుండా, కూడలి దగ్గర లిమిట్ మారిపోతుంది. మ్యాపులో ఆ రోడ్డును కూడలి దగ్గర రెండు ముక్కలు చేయాలి. ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. మ్యాపు దిద్దే ఎడిటర్‌లో రోడ్డు గీతను ముక్కలు చేస్తే, దానికి తగిలించిన పాత వివరాలు, అంటే ట్యాగులన్నీ, రెండు ముక్కలకూ వచ్చేస్తాయి. మొదటి ముక్కకున్న 70 రెండోదానికీ అంటుకుంటుంది. తీసేయడం మరిచిపోతే, ఎవరూ చూడని 70 మ్యాపులో పుట్టేస్తుంది.

ఇక మ్యాపు వైపు వద్దాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. అందులో రోడ్డు అంటే ఒక గీత, ఆ గీతకు తగిలించిన కొన్ని ట్యాగులు. స్పీడ్ లిమిట్ ట్యాగు పేరు మాక్స్‌స్పీడ్. యూనిట్ రాయకపోతే కిలోమీటర్లని లెక్క. మైళ్లయితే అంకె పక్కన ఆ మాట చేర్చాలి. బ్రిటన్ రోడ్డుకు వట్టి 60 అని రాసి ఊరుకుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని 60 కిలోమీటర్లుగా చదువుతుంది, అంటే 37 మైళ్లు. ఇలాంటివి దిద్దడం పెద్ద పని కాదు.

పెద్ద పని ఖాళీతో వస్తుంది. మాక్స్‌స్పీడ్ లేని రోడ్డు కనబడితే మీకేం అర్థమవుతుంది? ఆ రోడ్డు ఇంతవరకూ ఎవరూ చూడలేదు అనా? లేక ఎవరో వెళ్లి చూశారు, బోర్డు లేదు కాబట్టి ఏమీ రాయలేదు అనా? ఈ రెండూ పూర్తిగా వేరు. మొదటిదైతే ఇంకెవరో వెళ్లాలి. రెండోదైతే పని అయిపోయినట్టే. డేటాలో చూస్తే మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే అదే రోడ్డుకు నలుగురు వెళ్లి, నలుగురూ బోర్డు లేదని చూసుకుని, నలుగురూ ఏమీ రాయకుండా తిరిగొస్తారు. ఐదోవాడు కూడా బయల్దేరతాడు. "బోర్డు లేదు" అన్నది కూడా ఒక సమాచారమే, దాన్ని రాయాలి. ఈ వ్యవహారం మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని గురించే.

ఖాళీని ఇష్టం వచ్చినట్టు పూడ్చడం ఇంకో తప్పు. కొత్తలో నేనూ చేశాను. ఇంట్లో కూర్చుని, ఉపగ్రహ చిత్రం చూస్తూ, ఒక ఊరి వీధులన్నిటికీ వరసగా 50 కొట్టుకుంటూ పోయాను. ఊరే కదా, ఊళ్లో 50 కదా అన్న ధైర్యం. రెండు రోజులకు అక్కడి మ్యాపర్ ఒకాయన మర్యాదగానే అడిగాడు: "మీరు బోర్డులు చూశారా?" చూడలేదు. ఆ వీధుల్లోకి వెళ్లే దారి మొదట్లో జోన్ 30 బోర్డు ఉందట. జోన్ బోర్డు అంటే లోపలికి వెళ్లే చోట ఒక్కసారి పెడతారు, ఆ తర్వాత లోపలి వీధులన్నిటికీ అదే. ప్రతి వీధిలో మళ్లీ పెట్టరు. నేను చూసిన చిత్రంలో ఆ బోర్డు కనబడే అవకాశమే లేదు. నా 50లన్నీ ఆయనే వెనక్కి తీసి, 30 పెట్టి, పక్కన "జోన్ 30 వల్ల" అని కారణం రాశాడు. సిగ్గుపడాల్సింది అంకె తప్పయినందుకు కాదు. నా 50ని ఎక్కడ నుంచి తెచ్చానో నేను ఎక్కడా చెప్పలేదు, అందుకు.

ఈ ప్రాజెక్టులో ఒక పాత సూత్రం ఉంది: నేల మీద ఉన్నదే మ్యాపులో ఉండాలి, ఇంకొకరు వెళ్లి చూస్తే అదే కనబడాలి. దీన్ని పట్టుకుని ఒక పక్షం వాదిస్తుంది. బోర్డు లేని లిమిట్ నేల మీద లేదు, అది చట్టం పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నదాన్ని తెచ్చి లక్షల గీతలకు అతికించడం మ్యాపింగ్ కాదు. దేశానికో పట్టిక పెట్టుకుంటే చాలు, దారి చూపే రూటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కడ చూసుకుంటుంది. ఎదుటి పక్షం ఇలా అంటుంది: సాఫ్ట్‌వేర్‌కు అంత తెలివి లేదు. ఇది ఊళ్లో రోడ్డా, ఊరి బయట రోడ్డా అన్నది గీతను చూసి చెప్పలేదు. కాబట్టి అంకె రాసి తీరాలి.

నాకు రెండు వాదాల్లోనూ సగం సగమే నిజం కనిపిస్తుంది. చట్టం పెట్టిన అంకె నేల మీద ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ అంకెను రప్పించే కారణం దాదాపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. దీపాల వరస, డివైడర్, ఊరి పలక, లేన్ల సంఖ్య, ఇవన్నీ కంటికి కనబడేవే, ఫొటో తీయగలిగేవే. ముందు రాయాల్సింది వాటిని. అంకె వాటి నుంచి వస్తుంది.

కారణం రాయడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చోటు ఉంది. నిజానికి కాస్త ఎక్కువే ఉంది, అదే తలనొప్పి. సోర్స్:మాక్స్‌స్పీడ్ అని ఒక ట్యాగు. అందులో డీఈ:అర్బన్ అంటే జర్మనీ, ఊరి లోపలి లిమిట్. డీఈ:రూరల్ అంటే ఊరి బయటది. సైన్ అని ఉంటే బోర్డు చూసి రాసినట్టు. బ్రిటన్‌లో ఎక్కువమంది ఇదే పనికి మాక్స్‌స్పీడ్:టైప్ వాడతారు. జీబీ:ఎన్ఎస్ఎల్_సింగిల్ అంటే జాతీయ లిమిట్, డివైడర్ లేని రోడ్డు. దీపాల వల్ల వచ్చిన 30కి ఎన్ఎస్ఎల్_రెస్ట్రిక్టెడ్. ఇవి చాలవన్నట్టు జోన్:ట్రాఫిక్ అని ఒకటి, జోన్:మాక్స్‌స్పీడ్ అని ఇంకొకటి. కొన్ని దేశాల్లో అంకె రాయాల్సిన మాక్స్‌స్పీడ్‌లోనే ఆర్‌యూ:అర్బన్ (రష్యా, ఊరి లోపల) అని నేరుగా రాసే అలవాటు కూడా నడిచింది. ఒకే మాట చెప్పడానికి ఇన్ని పేర్లు ఎందుకయ్యా అంటే, ఎవరి అవసరానికి వాళ్లు తలా ఒకటి మొదలుపెట్టారు. వీటిలో ఏది మేలని నన్నడిగితే, మీరున్న చోట పక్క రోడ్లకు ఏది వాడుతున్నారో అదే వాడండి. పేరు మీద పేచీ పెట్టుకోవడం దండగ. ఏదో ఒకటి రాసి ఉండటం ముఖ్యం.

రాయకూడనిది మాత్రం ఒకటుంది. బోర్డు లేదు కదా అని మాక్స్‌స్పీడ్‌లో "నన్" అని రాసేవాళ్లు ఉన్నారు. నన్ అంటే "బోర్డు లేదు" అని కాదు, "లిమిట్టే లేదు" అని అర్థం. ఆటోబాన్ లాంటి చోట్లకు పెట్టిన మాట అది. ఓఎస్ఆర్ఎమ్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కారు కోసం ఉండే మామూలు సెట్టింగుల ఫైలు నన్ అన్నదాన్ని 140గా తీసుకుంటుంది. లిమిట్‌లో 80 శాతాన్ని బండి వెళ్లే వేగంగా లెక్కేస్తుంది. అంటే ఎవరో పొలం గట్టు పక్క సందుకు నన్ అని తగిలిస్తే, ఆ సందులో 112తో దూసుకుపోవచ్చని దాని లెక్క.

కారణం రాయడం వల్ల ఒరిగేదేమిటో చట్టం మారిన రోజున తెలుస్తుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 సెప్టెంబర్ 17న అదే జరిగింది. దీపాలున్న రోడ్ల మామూలు లిమిట్‌ని 30 మైళ్ల నుంచి 20కి దించారు. అంతకు ముందు రోజు మ్యాపులో వేల్స్ అంతటా 30లు ఉన్నాయి. అవి ఒక రకం కావు. కొన్ని దీపాల వల్ల వచ్చిన 30లు. వాటికి విడిగా ఉత్తర్వు అవసరం లేకుండా చట్టంతోనే లిమిట్ మారిపోయింది. కొన్ని దీపాలు లేని రోడ్ల మీద స్థానిక సంస్థ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చి, బోర్డులు పాతి పెట్టిన 30లు. అవి అలాగే ఉన్నాయి. ఇంకొన్ని దీపాలున్నా మినహాయింపు పొందినవి. అక్కడ 30 బోర్డులు కొత్తగా వచ్చాయి. పద్ధతి తలకిందులైంది. ఇదివరకు దీపాలున్న చోట 30కి చిన్న బోర్డులు ఉండేవి కావు, ఇప్పుడు 20కి ఉండవు, 30కే ఉండాలి.

మ్యాపులో వట్టి 30 అని ఉన్న రోడ్డు ఈ మూడింట్లో దేనికి చెందుతుందో బల్ల ముందు కూర్చుని ఎవరూ చెప్పలేరు, మళ్లీ వెళ్లి చూడాల్సిందే. పక్కన ఎన్ఎస్ఎల్_రెస్ట్రిక్టెడ్ అని ఉంటే మొదటి రకమో మూడో రకమో అని తెలిసిపోతుంది. మినహాయింపుల జాబితా ఒక్కటి సరిచూసుకుంటే చాలు. సైన్ అని ఉంటే రెండో రకం కావచ్చు, తొందరపడి మార్చకూడదు. ఐదు సెకన్లలో రాసిన ఒక ట్యాగు ఒక ఊరి చుట్టూ మళ్లీ తిరిగే పని తప్పించింది.

ఇలాంటి మార్పులు అరుదేమీ కాదు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2017 జనవరి 1 నుంచి ఊరి బయట లిమిట్ 90 నుంచి 70కి తగ్గింది, పక్కనున్న వాలోనియాలో మాత్రం 90. అందుకే బెల్జియానికి దేశం పేరుతో ఒక ట్యాగు సరిపోదు, ప్రాంతం పేరు కూడా చేర్చాలి. ఫ్రాన్స్ 2018 జులై 1న డివైడర్ లేని, రెండువైపులా బండ్లు నడిచే రోడ్ల మీద 90ని 80 చేసింది. తర్వాత చట్టం సడలించి, కావాలంటే జిల్లాలు తమ రోడ్లను మళ్లీ 90 చేసుకోవచ్చంది, కొన్ని చేసుకున్నాయి.

స్పెయిన్ సంగతి ఇంకా బాగుంటుంది. 2021 మే 11 నుంచి అక్కడ ఊళ్లో లిమిట్ లేన్ల లెక్కను బట్టి ఉంటుంది. ఒక్కోవైపు ఒకే లేను ఉంటే 30. రెండు లేక అంతకన్నా ఎక్కువ ఉంటే 50. ఫుట్‌పాత్, రోడ్డు ఒకే ఎత్తులో కలిసిపోయి ఉంటే 20. అంటే అక్కడ లేన్ల సంఖ్య సరిగ్గా రాసిన మ్యాపర్ తెలియకుండానే చాలా వీధులకు స్పీడ్ లిమిట్ కూడా రాసేసినట్టు. ఫుట్‌పాత్ గట్టు ఎత్తు గమనించినవాడు ఇంకాస్త చేసినట్టు.

ఈ నియమాలన్నిటినీ ప్రతి గీతకూ అంకెలుగా అతికించలేమని కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్రాన్స్ మోటార్‌వే మీద మామూలుగా 130, వాన పడుతుంటే 110. ఇంగ్లండ్‌లో డివైడర్ లేని రోడ్డు మీద కారుకు 60 మైళ్లు, అదే కారు వెనక ట్రెయిలర్ తగిలిస్తే 50. ఏడున్నర టన్నులు దాటిన లారీకి కూడా 50. ఇవన్నీ చట్టంలోనివే, ఏదీ బోర్డు మీద ఉండదు. ఒక్కో రోడ్డుకు ఇవన్నీ రాస్తూ కూర్చుంటే మ్యాపు కాస్తా చట్టం నకలు అవుతుంది. చట్టం మారితే అన్నీ ఒకేసారి పాతబడతాయి. కాబట్టి ఈ విషయంలో మొదటి పక్షం మాటే నాకు నచ్చుతుంది. దేశాలవారీ లిమిట్ల పట్టిక ఒకటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీలో ఉంది. దాన్ని చదివి, రోడ్డు ట్యాగులు చూసి, కారుకు ఎంత, లారీకి ఎంత అని తేల్చే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ కూడా ఉంది. వీధిలో నిలబడి మ్యాపుకి వివరాలు చేర్చే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ కూడా బోర్డు లేదని మీరు నొక్కితే అంకె అడగదు. ఇది ఏ రకం రోడ్డు అని అడిగి, ఆ రకాన్ని రాస్తుంది. నా ఉద్దేశంలో అదే సరైన పని. అంకె కూడా పక్కన రాస్తే తప్పు లేదు, చాలా సాఫ్ట్‌వేర్లు ఇంకా అంకెనే చూస్తాయి కాబట్టి. కారణం లేని ఒంటరి అంకెతోనే నాకు పేచీ.

పట్టిక పని చేయాలంటే గీతలో తగినంత సమాచారం ఉండాలి. డివైడర్ సంగతే తీసుకోండి. డివైడర్ ఉన్న రోడ్డును మ్యాపులో రెండు గీతలుగా గీస్తారు, ఒక్కోటీ వన్‌వే. బజారు మధ్యలో మామూలు వన్‌వే వీధి కూడా ఒక వన్‌వే గీతే. మనిషి చూస్తే పక్కన రెండో గీత కనబడి అర్థమవుతుంది, ప్రోగ్రామ్‌కు అంత సులువు కాదు. పొరబడితే 60కి 70 చెబుతుంది. దీనికోసమే డ్యూయల్_క్యారేజ్‌వే అనే ట్యాగు ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

ఊరి హద్దుతో కూడా ఇలాగే మోసపోతారు. మ్యాపులో ఇళ్ల ప్రాంతం అని రంగు వేసిన ముక్కను చూసి, దాని లోపలి రోడ్లన్నీ ఊళ్లోవే అనుకుంటారు. పంచాయతీ హద్దు గీతను పట్టుకునేవాళ్లూ ఉన్నారు. పలక ఈ రెండింటికీ సంబంధం లేకుండా ఇంకెక్కడో ఉంటుంది. చివరి ఇల్లు దాటి మూడు వందల మీటర్లకు ఉన్న పలకలు చూశాను. చట్టానికి పలకే లెక్క. కాబట్టి పలక ఉన్న చోట ఒక చుక్క పెట్టి, ట్రాఫిక్_సైన్ అని ట్యాగు రాసి, గీతను సరిగ్గా అక్కడే ముక్క చేయడం కన్నా మంచి దారి లేదు. ఇంకో యాప్ మ్యాపులో చూసి ఇక్కడ రాయడం మాత్రం అసలు కుదరదు, అది కాపీరైట్ గొడవ. అదీగాక, వాళ్ల అంకె కూడా ఎవరి ఊహో మీకేం తెలుసు?

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇప్పుడు స్పీడ్ లిమిట్ డేటాను మనుషులే కాదు, బండ్లు కూడా చదువుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లలో, లిమిట్ దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. అది కెమెరాతో బోర్డులు చదువుతుంది, లేదా మ్యాపు చూస్తుంది, లేదా రెండూ చేస్తుంది. బోర్డు లేని రోడ్డు మీద కెమెరాకు చదవడానికి ఏమీ ఉండదు. అక్కడ మిగిలేది మ్యాపు ఒక్కటే. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపైనా, కంపెనీ మ్యాపైనా ఇబ్బంది ఒకటే.

అన్ని చోట్లా కారణం ఒక చూపులో దొరకదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం నివాస ప్రాంతంలో వేరే బోర్డు లేకపోతే 25 మైళ్లు. మరి నివాస ప్రాంతం అంటే ఏది? అదీ చట్టంలోనే ఉంది: పావు మైలు పొడవునా రోడ్డుకు ఒక పక్క 13 ఇళ్లు, లేదా రెండు పక్కలా కలిపి 16 ఇళ్లు రోడ్డు వైపు ఉండాలి. దీన్ని మ్యాపర్ ఏ ట్యాగులో పెట్టాలి? ఇళ్లు గీయడమే. ఒక్కో ఇంటి ఆకారం గీసి, ఏ రోడ్డు వైపు ఉందో తెలిసేలా చిరునామా రాస్తే, లెక్క పెట్టే పని ఎప్పుడైనా ఏదో ఒక ప్రోగ్రామ్ చేసుకుంటుంది. ఎదురుగా ఇళ్లు లేని ఒక రోడ్డు పక్కన పదమూడో ఇల్లు లేచిన రోజున, ఆ రోడ్డు గీతను ఎవరూ ముట్టుకోకపోయినా అక్కడి లిమిట్ మారిపోతుంది.